తెగిన చోట జెండా

నడుములో మొదలై తొడ వెనక నుంచి మడమ దాకా గుంజే నొప్పి గురించి నా ఈడు వాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో కలిస్తే పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్న మనమే ఇప్పుడు ఎవరికి ఏ పక్క గుంజుతున్నదో చెప్పుకుంటున్నాం. నేనూ మూడు నెలల పాటు నువ్వుల నూనె రాసి, ఇసుక కాపడం పెట్టి, ఇక లాభం లేదని పోయిన వారం కోరుట్లలో బస్టాండు దగ్గరి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. లోపలికి పిలవకముందు అక్కడి అమ్మాయి ఒక కాగితం పెట్టుకుని వివరాలు రాసుకుంది. వయసు, ఉద్యోగం, షుగరు, బీపీ అన్నీ అయ్యాక, తోడబుట్టినవాళ్ళలో ఎవరికైనా ఇట్లాంటి నొప్పి ఉందా అని అడిగింది. "ఒక్కడే అన్న. భీవండిల ఉంటడు" అన్నాను. ఆ అమ్మాయి రాసుకున్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆ మాట సంగతి తర్వాత చెబుతాను, ముందు నరం సంగతి.

డాక్టరు చిన్నవాడు, నా దగ్గర చదువుకున్న ఏ పిల్లకో కొడుకై ఉంటాడు. బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ పెట్టి, దాని కింది భాగం నుంచి వేలాడుతున్న పసుపుపచ్చ తాడును పెన్నుతో చూపించి, ఇదీ మీ సయాటిక్ నరం, ఇది ఎముకల మధ్య నలుగుతున్నది అని ఓపికగా వివరించాడు. ఈ నరం నాకు తెలుసు నాయనా, పద్దెనిమిదేళ్ళ వయసులో దీన్ని తెంపి మళ్ళీ ముడి వేశాను అందామనుకున్నాను గానీ, నడుముకు బదులు తలకు స్కానింగు రాస్తాడేమోనని ఊరుకున్నాను. ఇంటికి వచ్చి పడుకున్నాక ఆ రోజులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మాది సిరిసిల్ల. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకదాని మీద బాపు, ఇంకొకదాని మీద అన్న. అమ్మ కండెలు చుట్టేది. నా పని అతకడం. ఒక పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, పాతదాని ఒక్కొక్క పోగుకూ కొత్తదాని ఒక్కొక్క పోగును జత చేసి పురిపెట్టి కలపాలి, అట్లా వందల వందల పోగులు. బొటనవేలికీ చూపుడువేలికీ ఇంత బూడిద అద్దుకుని కూర్చుంటే పొద్దు ఎప్పుడు గూకిందో తెలిసేది కాదు. నేస్తుండగా నడుమ తెగిన పోగుకు మాత్రం ముడి వేయాలి, ఆ ముడి బట్ట వెనక వైపుకు పోవాలి, ముందు వైపు వేలు పెట్టి రాసినా తగలకూడదు. పోగు తెగినందుకు బాపు నన్ను ఎన్నడూ ఏమీ అనలేదు. అతుకు కనబడితే మాత్రం వేళ్ళ మీద కండె కర్రతో ఒకటి పడేది. అట్లా పదేళ్ళకే నా వేళ్ళు పని నేర్చాయి, నేను వేరేవైపు చూస్తున్నా అవి ముడి వేసుకుంటూ పోయేవి.

పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని మా పెద్దసారు బాపును పిలిచి రెండు గంటలు కూర్చోబెట్టుకున్నాడు. దాంతో నన్ను జగిత్యాలలో మా మేనమామ ఇంట్లో ఉంచి ఇంటర్మీడియట్లో చేర్పించారు. బాపు పెట్టిన షరతు ఒక్కటే. "సదివినన్ని దినాలు సదువు బిడ్డా. ఒక్కసారి తప్పితే మాత్రం ఇంటికొచ్చి మగ్గం కాడ కూసోవాలె" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, బేరం అంతే. బాపు మాట ఒకసారి అన్నాక మారదని మా వాడకంతా తెలుసు.

అవి ఎట్లాంటి రోజులో నా తరం వాళ్ళకు తెలుసు. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు రెంటినీ నక్సలైట్లున్న కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించి కొన్నేళ్ళయింది. కాలేజీ గోడల మీద ఒక పొద్దు ఎర్ర రంగు రాతలు ఉండేవి, మర్నాటికి వాటి మీద సున్నం ఉండేది, నాలుగు రోజులకు సున్నం మీద మళ్ళీ రాతలు ఉండేవి. హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్లకు జవాబు వచ్చేది కాదు. మా జువాలజీ సారు వారం రోజుల దాకా ఆ పేర్లు పిలిచేవాడు, తర్వాత పిలవడం మానేసేవాడు. ఎవరం ఏమీ అడిగేవాళ్ళం కాదు. ఇప్పుడు చెబితే వింతగా ఉంటుంది గానీ, అప్పుడు మాకు అది ఎండాకాలం తర్వాత వానాకాలం వచ్చినంత మామూలు.

కప్పను మొదటిసారి కోసిన రోజు నాకు జాలి కలగలేదు, భయమూ కలగలేదు. పక్క బెంచీ మీద ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతే మొహాన నీళ్ళు చల్లి వచ్చి నా పని నేను చేసుకున్నాను. మైనం పోసిన రేకు పళ్ళెంలో కప్పను వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్ళకూ గుండుసూదులు గుచ్చి, నీళ్ళు పోసి, పొట్ట కోసి తెరిస్తే, నాకు అందులో కనబడినవన్నీ పోగులే. ఎర్రవి రక్తనాళాలు, తెల్లవి నరాలు. వాటి మీది పొరను సూదితో తొలగించి ఒక్కొక్క నరం కింద నల్ల కాగితం ముక్క దూర్చి, దాని పక్కన పేరు రాసిన చిన్న కాగితపు జెండా గుచ్చాలి. అతకడం చేసిన వేళ్ళకు ఇది పండుగ. సారు నా పళ్ళేన్ని తతిమ్మా వాళ్ళకు చూపించేవాడు.

మెచ్చుకోలు కాలేజీలోనే. ఇంటికి వస్తే మా మేనమామ భార్య గుమ్మంలోనే ఆపేది. "ఓ కోడలా, గా కప్పలు కోసిన చేతులతోని కుండ ముట్టకు. బాయి కాడ తానం చేసి రా పో" అనేది. నా కత్తెరలు, కత్తులు, సూదులు ఉన్న డబ్బాకు ఇంట్లోకి ప్రవేశం లేదు, దానికి పెరట్లో జామచెట్టు కొమ్మే గతి. అదే అత్త ఆదివారం పూట కోడిని కోసి కడిగే తీరు చూస్తే, మా సారు కూడా ఆమె దగ్గర పాఠం నేర్చుకోవచ్చు అనిపించేది. ఆ మాట పైకి అనేంత ధైర్యం నాకు లేదు.

రెండో ఏడు బతుకమ్మ పండుగకు నేను ఇంటికి వెళ్ళి వచ్చిన పది రోజులకు అన్న వెళ్ళిపోయాడు. నూలు తెస్తానని పొద్దున సంచి తీసుకుని బయలుదేరినవాడు మళ్ళీ రాలేదు. నాలుగో రోజు ముఖం తెలియని ఒకాయన వచ్చి, వెతకవద్దు, వాడు అడవిలో క్షేమంగా ఉన్నాడు అని అమ్మతో చెప్పి మంచినీళ్ళు తాగి వెళ్ళాడట. కబురు అంది నేను ఇంటికి వచ్చిన సాయంత్రం బాపు అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి, "ఎవలడిగినా భీవండి పోయిండని చెప్పుర్రి" అన్నాడు. మా వాడ నుంచి మరమగ్గాల పనికి బొంబాయి పక్కనున్న భీవండి పోయినవాళ్ళు ఇంటికొకరు ఉండేవారు కాబట్టి మా మాట వాళ్ళ మాటల్లో కలిసిపోయింది. మర్నాడు బాపు తన మగ్గం వదిలి అన్న మగ్గంలో కూర్చుని, అన్న ఆపిన చోటి నుంచే నేసి ఆ బట్ట పూర్తి చేసి, మళ్ళీ తన మగ్గానికి మారాడు. ఎక్కడ కొడుకు చేయి ఆగిందో, ఎక్కడ తండ్రి చేయి మొదలైందో చేనేత సొసైటీలో కొలిచి తీసుకున్నవాళ్ళు కూడా కనిపెట్టలేదు. అమ్మ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, వీడు ఉత్తరం రాయడు, పైసలు పంపడు అని వాకిట్లో కూర్చుని తిట్టేది. పక్కింటి వాళ్ళకు అసలు సంగతి తెలుసు. తెలిసీ వాళ్ళు "ఏమన్న ఉత్తరమచ్చిందా వదినె?" అని అడిగేవాళ్ళు. అట్లా అడగడమే వాళ్ళు మాకు చేసిన సాయం.

భీవండి మాట నేను బయటివాళ్ళతో మొదటిసారి అన్నది కప్పల వల్లే. పరీక్షలు దగ్గరికి వచ్చేసరికి జగిత్యాల చుట్టుపక్కల మడుగులు ఎండిపోయి, సాధనకు ఎవరి కప్పలు వాళ్ళే తెచ్చుకోవాలని సారు చెప్పాడు. శివరాత్రి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు బాపుకు చెబితే, నవ్వకుండా, ఎందుకని అడగకుండా, మానేరు వాగు మడుగుల్లో పడి నాలుగు పెద్ద కప్పలు పట్టి, అల్యూమినియం క్యానులో నీళ్ళు పోసి, మూతికి తన పాత పంచె ముక్క కట్టి ఇచ్చాడు. వేములవాడ మీదుగా పోయే బస్సు నిండా జాతర నుంచి తిరిగి పోతున్న జనం, బోడిగుండ్లు, కొబ్బరి చిప్పలు. కొండగట్టు దగ్గర పోలీసులు బస్సు ఆపి అందరినీ దించారు. నా డబ్బా తెరిచి కత్తులు చూసిన జవాను ముఖం మారిపోయింది. క్యానులో ఏముందంటే కప్పలు అన్నాను. వాడు నమ్మలేదు. మూతిగుడ్డ విప్పి వంగి చూసేసరికి ఒకటి ఎగిరి వాడి ఛాతీ మీదికి, అక్కడి నుంచి ఒక ముసలమ్మ ప్రసాదం బుట్టలోకి దూకింది. జనమంతా నవ్వారు. అంత భయంలోనూ నేను నవ్వాను.

పెద్ద పోలీసు మాత్రం నవ్వలేదు. నా కాలేజీ కార్డు చూసి, సిరిసిల్లనా, ఇంట్ల మగోళ్ళెవరెవరు అని అడిగాడు. "బాపు. ఒక అన్న, భీవండిల ఉన్నడు" అన్నాను. ఇంటికి పోయినప్పుడల్లా విన్న మాట, అమ్మ తిట్లతో సహా కంఠస్థమైన మాట, పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది. ఆయన కార్డు తిరిగి ఇచ్చాడు. బస్సులో కూర్చున్నాక క్యాను ఒళ్ళో పెట్టుకుని లెక్క చూసుకుంటే మూడు కప్పలే ఉన్నాయి. నాలుగోది ఆ ముసలమ్మతో ఏ ఊరు వెళ్ళిందో!

పరీక్ష రోజున బంద్ పిలుపు వచ్చింది. బస్సులు లేవు. కరీంనగర్ నుంచి రావలసిన పరీక్షాధికారి పొద్దున తొమ్మిదికి బదులు మధ్యాహ్నం మూడు దాటాక పాల వ్యానులో వచ్చి దిగాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం, మాటలు తక్కువ. అప్పటిదాకా ఖాళీ కడుపులతో వరండాలో కూర్చున్న మమ్మల్ని లోపలికి పిలిచి తలా ఒక చీటీ తీయమన్నారు. నాకు కప్ప వెన్ను నరాలు వచ్చింది. సంతోషించాను, అది నాకు కళ్ళు మూసుకుని చేయగలిగిన పని.

కప్ప మాత్రం ఒక్కటే ఇస్తారు, పాడైతే మరొకటి లేదు. ఆ కప్పలకు పొద్దున ఎనిమిదింటికే మత్తు పెట్టి ఉంచారు. పరీక్ష మొదలయ్యేసరికి అవి బిగుసుకుపోయి, లోపలి పొరలు నరాలకు అంటుకుపోయాయి. కిటికీ లోంచి వచ్చే ఎండ కూడా తగ్గుతూ ఉంది. కుడి తొడలోకి దిగే పెద్ద నరం మీది పొరను కత్తెర మొనతో లేపుతున్నాను, పొర లేవలేదు, ఇంకొంచెం గట్టిగా లేపాను, నరం తెగింది. దాని రెండు కొసలూ నీళ్ళలో విడివిడిగా తేలాయి. మొత్తం ప్రశ్నకు అదే ప్రాణం. అది తెగితే ప్రాక్టికల్ తప్పినట్టే, ప్రాక్టికల్ తప్పితే పరీక్ష తప్పినట్టే, పరీక్ష తప్పితే బాపు మాట ఉండనే ఉంది. అన్న మగ్గం ఖాళీగా కూడా ఉంది.

ఆ తర్వాత జరిగింది మోసం చేద్దామని చేసింది కాదు, ఇన్నేళ్ళ తర్వాత నేను అబద్ధమాడవలసిన అవసరమూ లేదు. నేను ఆలోచించలేదు. నా ఎడమచేయి ఓణీ కొంగు నుంచి ఒక తెల్ల పోగు లాగింది, గోటితో దాన్ని చీల్చి సగం చేసింది. కుడిచేయి నరం కొసలు రెండూ ఒకదాని మీద ఒకటి చేర్చి, పట్టకారుతో పట్టి, చుట్టూ ఆ పోగు తిప్పి ముడి వేసింది. ముడి వెనక వైపుకు తిప్పి, మిగిలిన కొసలు కత్తిరించి, నల్ల కాగితం దూర్చి, జెండా గుచ్చాను. అప్పటికి గాని ఏం చేశానో నాకు తట్టలేదు. తెగిన పోగును తెగినట్టే వదిలేసి లేచిపోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, నాకూ చేతకాలేదు.

పరీక్షాధికారి ఒక్కొక్క బెంచీ చూసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. భూతద్దం పెట్టి పైనుంచి చూసి తల ఊపాడు. మార్కుల కాగితం మీద పెన్ను పెట్టినవాడు, ఎందుకో మళ్ళీ వంగి, సూది మొనతో నరాన్ని మెల్లగా పైకి లేపి, దాని అడుగున చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏ ఊరు నీది?"

"సిరిసిల్ల సార్."

"గీ ముడి ఎవలు నేర్పిండ్రు?"

ఇక దాచి లాభం లేదు. "మా బాపు" అన్నాను.

"మా నాయిన గూడ గిదే ముడి ఏస్తుండె" అన్నాడు ఆయన, అదేదో ఎవరికో చెబుతున్నట్టు. సూదితో ముడిని తట్టి, "ఇప్పుతవా?" అన్నాడు.

"గిది ఇప్పొచ్చేది కాదు సార్. గుంజితే ఇంక బిగుస్తది."

"ఎరుకే. ఇంట్ల మగ్గం మీద ఎవరెవరుంటరు?"

"బాపు ఒక్కడే సార్. అన్న భీవండిల ఉన్నడు."

ఆయన భూతద్దం జేబులో పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు. పెద్ద పోలీసు చూసిన చూపు కాదు అది. మా వాడలో పక్కింటివాళ్ళు ఉత్తరం వచ్చిందా అని అడిగేటప్పుడు చూసే చూపు. భీవండి గురించి ఇంకొక్క మాట అడగలేదు. బల్ల మీది కాగితంలోంచి ఒక ముక్క చింపి నా ముందు పెట్టాడు.

"మగ్గం కాడ అతుకు కనబడొద్దు. ఈడ కనబడాలె. తెగితే తెగిందని రాయి. ఏడ తెగింది, ఎట్ల తెగింది రాసి, గా జాగల గుచ్చు. మిగతయన్ని మంచిగున్నయి."

కత్తెర మొన తగిలి ఇక్కడ తెగింది అని రాసి, గుండుసూదికి గుచ్చి, ముడి పక్కన నిలబెట్టాను. సొంత చేత్తో చేసిన తప్పుకు సొంత చేత్తో జెండా పాతడమంటే మాటలు కాదు. ఆయన మార్కులు వేసుకుని పక్క బెంచీకి వెళ్ళిపోయాడు. ఎన్ని వేశాడో ఈనాటికీ నాకు తెలియదు. ఎండాకాలం చివర పేపర్లో నా నెంబరు ఉంది. బాపు ఆ పేపరు ముక్కను మడిచి అన్న పెట్టెలో, అన్న బట్టల కింద పెట్టాడు.

ఆ తర్వాత డిగ్రీ, ఆ తర్వాత కోరుట్లలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు ఉద్యోగం, రిటైరయ్యేదాకా అక్కడే. ఎన్ని వందల మందికి బొద్దింకలు, వానపాములు, కప్పలు చూపించానో లెక్క లేదు. నేను చెప్పిన పాఠాల్లో పిల్లలకు ఏది గుర్తుందో తెలియదు గానీ, తెగితే తెగిందని రాయండి, సగం మార్కులు వేస్తాను అన్న మాట మాత్రం చాలామందికి గుర్తుంది. బజారులో కలిసినప్పుడు నవ్వుతూ అదే అంటారు. ఆ మాట నాది కాదని వాళ్ళకు నేను ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు బళ్ళలో కప్పలు కోయడం లేదు, కోయించకూడదని ఆర్డరు వచ్చింది. మంచిదే, కప్పలకూ మంచిది, మా జగిత్యాల అత్త లాంటి వాళ్ళకూ మంచిది. నా మనవరాలు ఫోనులో కప్ప బొమ్మను వేలితో కోసి, తప్పు కోస్తే ఇంకోసారి వేలితో నొక్కుతుంది, కప్ప మళ్ళీ ఎప్పటిలా అయిపోతుంది. సిరిసిల్లలో మా వాడ నిండా మరమగ్గాల చప్పుడే, బూడిద అద్దుకుని పడుగు అతికే చేతులు వెతికినా దొరకవు. కొండగట్టు దగ్గర బస్సును ఎవరూ ఆపరు. అవన్నీ పోయినందుకు నాకు బాధ లేదు. ఆ రోజుల్లో మంచి అనదగింది చాలా తక్కువ, మనం చిన్నవాళ్ళం కావడం ఒక్కటే.

అన్న రాలేదు. వాడి గురించి ఏ కబురూ రాలేదు, మంచిదీ చెడ్డదీ. చాలామందికి కనీసం ఒక శవం దొరికింది, పేపర్లో ఒక పేరు దొరికింది, మాకు అదీ లేదు. బాపు పోయేదాకా, ఆ తర్వాత అమ్మ పోయేదాకా అన్న భీవండిలోనే ఉన్నాడు. బాపు దశదినాలకు వచ్చినవాళ్ళు కూడా, పెద్దోనికి సెలవు దొరకలేదా అని అడిగారు, దొరకలేదని అమ్మ అన్నది. ఒక్కసారి కూడా వాడి పేరున మేము ఇంత అన్నం పెట్టలేదు, నువ్వులూ నీళ్ళూ వదలలేదు. మా ఇంట్లో అంత బాగా పడిన అతుకు ఇంకొకటి లేదు, ముందు వైపు వేలు పెట్టి రాసినా తగలదు. ఊరందరి పిల్లలకూ తెగితే తెగిందని రాయమన్నదాన్ని, నా ఇంటి సంగతి మొన్నటి దాకా నేనే రాయలేదు.

నిన్న మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నొప్పి కొంచెం తగ్గింది. బయట ఆ అమ్మాయిని పోయినసారి కాగితం తీయమన్నాను. "ఒక తప్పు చెప్పిన బిడ్డా, దిద్దు. మా అన్న భీవండిల లేడు. నలభై ఏండ్ల కింద అడవికి పోయిండు. మళ్ల రాలే. సచ్చిపోయిండు కావచ్చు" అన్నాను. ఆ పిల్ల పెన్ను పట్టుకుని నావైపు బిత్తరపోయి చూసింది.

"ఇదంత రాయాల్నా అమ్మా? నడుం నొప్పికి?"

రాయి అన్నాను. పక్కనే నిలబడి, అక్షరం అక్షరం రాసేదాకా చూశాను.